యుగంధరుని పుట్టినిల్లు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్, అంబర్‌పేట అను ఈ హైదరాబాదు పేటలలో సాహిత్యగోష్ఠులకు ఎన్నడును కొరత లేదు. త్యాగరాయ గానసభలో సభ ముగిసిన పిమ్మటనో, నగర కేంద్ర గ్రంథాలయపు ఆవరణలోనో నలుగురు చేరి తెలుగు నవలను గూర్చి ముచ్చటించునప్పుడు, పెద్దల పేర్లన్నియు వరుసగా వచ్చిపోయిన తరువాత, ఎవరో ఒకరు కొమ్మూరి సాంబశివరావు పేరెత్తుటయు, తక్కినవారు ఒక చిరునవ్వుతో ఆ పేరును ప్రక్కకు నెట్టుటయు పరిపాటియైనది. ఆ చిరునవ్వు వెనుక చిరకాలముగా స్థిరపడిన అభిప్రాయమొకటి కలదు. చలము వంటి పెదతండ్రియు, కొడవటిగంటి కుటుంబరావు వంటి బావయు గల కుటుంబములో పుట్టియు, ఆయన డిటెక్టివు నవలలతో కాలము గడపుట ఆ వంశమునకు వాటిల్లిన నష్టమనియు, ఆ నవలలు ఆంగ్లదేశమునుండి దిగుమతియైన సరకనియు, వానికిని ఆయన పెరిగిన ఇంటికిని ఏ సంబంధమును లేదనియు ఆ అభిప్రాయపు సారాంశము. దీనిని నేను అంగీకరింపను. అంగీకరింపకపోవుట మాత్రమే కాదు. ఇది మన సాహిత్యచరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయమును చదువకుండ మూసివేసినదని నా దృఢవిశ్వాసము.

ఆ ఇల్లు ఎట్టిదో మొదట చూతము. చలముగారి పుట్టింటి పేరు కొమ్మూరి. మాతామహునకు దత్తుడగుటచే ఆయన గుడిపాటి వెంకటచలమైనారు. ఆయన తమ్ముడు వెంకటరామయ్యగారు; వెంకటరామయ్యగారి భార్య పద్మావతీదేవి. 1926లో ఆ దంపతులకు కలిగిన కుమారునకు తాతగారి పేరు పెట్టిరి. బాల్యమున తన తండ్రి చేతిలో తల్లి పడిన బాధలు చూచుటయే స్త్రీల పక్షమున తాను నిలుచుటకు మూలకారణమైనదని చలముగారు చెప్పుకొన్నారు గదా. ఆ తండ్రి పేరే సాంబశివరావు. ఏ గృహమర్యాదపై చలముగారు జీవితకాలము తిరుగుబాటు చేసిరో, ఆ గృహమునకు యజమానియైన వ్యక్తి నామధేయమును ధరించి ఈ బాలుడు పెరిగెను.

ఇక తల్లి. పద్మావతీదేవి 1908లో జన్మించినది. ఆమె రచయిత్రి. అంతకుమించి, గృహస్థుల ఇంటి స్త్రీ ముఖమునకు రంగు పూసికొని పదిమంది యెదుట రంగస్థలముపై నిలుచుటను ఊహించుటకే సంఘము వెఱచుచుండిన దినములలో, బళ్ళారి రాఘవతో కలిసి నాటకములలో నటించిన సాహసి. రాఘవ వృత్తిచే న్యాయవాది. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టినవాడు. ఆ పట్టుదలను ఆచరణకు తెచ్చిన స్త్రీలు బహుకొద్దిమంది; వారిలో ఈమె ఒకతె. ఈమె కుమార్తెలలో వరూధినిని కుటుంబరావుగారు వివాహమాడిరి. మరియొక కుమార్తె ఉషారాణి రచయిత్రిగాను, అనువాదకురాలుగాను పేరొందినది. తల్లి నటి, పెదతండ్రి సంఘము దూరముగా ఉంచిన రచయిత, తోబుట్టువులు చదువరులు, బావ మధ్యతరగతి మనస్తత్త్వమును నిర్దాక్షిణ్యముగా పరిశీలించిన కథకుడు. ఆ కాలపు తెలుగుదేశములో ఇట్టి ఇల్లు మరియొకటి చూపుట కష్టము.

ఇట్టి ఇంట పెరిగినవాడు ఏమి వ్రాయవలెనని మన విమర్శకుల అభిమతము? చలమువలె వ్రాయవలెను, లేదా కుటుంబరావువలె వ్రాయవలెను. హత్యలను గూర్చి మాత్రము వ్రాయరాదు. హత్యలు వ్రాసెను గనుక ఆయన ఇంటి మార్గము తప్పెనని తీర్పు. నేననునది దీనికి విపరీతము. చలమును, కుటుంబరావును, సాంబశివరావును ఒకే ఇంటి మూసిన తలుపు తట్టినవారే. బయటికి మర్యాదగా కనబడు తెలుగు గృహములో, భోజనాల గదికిని పడకగదికిని నడుమ, వీలునామా కాగితమునకును వియ్యపువారి మాటకును నడుమ నిజముగా ఏమి జరుగుచున్నదన్నది ఆ మువ్వురికిని సమానమైన ప్రశ్న. చలము ఆ తలుపు బద్దలు కొట్టి, లోపలనున్న స్త్రీని బయటికి రమ్మని పిలిచెను. 1927 నాటి ‘మైదానము’ ఆ పిలుపే. కుటుంబరావు తలుపు తెరచుకొని లోపల కూర్చుండి, ఆ ఇంటి ఆదాయవ్యయములను, ఆశలను, పిరికితనమును ఓర్పుతో లెక్కవేసెను. సాంబశివరావు, ఒక మరణము జరిగిన తరువాత, ప్రశ్నించు అధికారముగల అపరిచితుని ఒకనిని ఆ ఇంటిలోనికి పంపెను. ఆ అపరిచితుడే ఆయన నవలలలోని డిటెక్టివు యుగంధరుడు.

ఆ అపరిచితునకు గల ప్రత్యేకత ఏమో గమనింపవలెను. ఇంట్లో ఎవడు పెద్దవాడో, ఎవని మాట చెల్లునో, ఎవతె నోరెత్తరాదో అతనికి పట్టదు. యజమానిని అడిగిన ప్రశ్ననే వంటమనిషిని అడుగును. పెద్దకోడలి మాటకు ఎంత విలువ ఇచ్చునో పనిపిల్ల మాటకును అంతే విలువ ఇచ్చును, ఏలయనగా సత్యము ఎవరి నోట వచ్చునో అతనికి ముందుగా తెలియదు. తెలుగు సంఘములో ఈ సమదృష్టి సహజమైనదా? పెండ్లిలోగాని, పంచాయతీలోగాని, న్యాయస్థానపు వసారాలోగాని ఇది ఎక్కడ కనబడినది? ఆ నవలలలో అది కనబడుచున్నది. యుగంధరుని కార్యాలయములో సహాయకుడు రాజుతోపాటు కాత్యాయని అను యువతియు పనిచేయుచుండుట, ఆమె అచట అలంకారమునకుగాక పనికొఱకే ఉండుట, ఆ విషయమును రచయిత ఉపన్యాసమేమియు లేకుండ సహజముగా స్వీకరించుట, ఇవియెల్ల పద్మావతీదేవి కుమారుని చేతిలో యాదృచ్ఛికముగా జరిగినవని నేను నమ్మజాలను.

ఇచట నా వాదమునకు మిత్రులవలె వచ్చి అపకారము చేయు మరియొక పక్షము కలదు. పెంపకమునకును నేరకథకును సంబంధము కలదని వారు ఒప్పుకొందురు. కాని ఆ సంబంధమును గాయముగా మాత్రమే చూతురు. నేరమును గూర్చి వ్రాయువాని బాల్యములో ఏదో చీకటి ఉండితీరవలెననియు, ఆ చీకటియే పుటలపై పరచుకొనుననియు వారి సిద్ధాంతము. పాశ్చాత్యదేశములలో ఈ సిద్ధాంతమునకు విశేష ప్రచారము లభించినది. అమెరికను రచయిత్రి పట్రీషియా హైస్మిత్ 1921లో పుట్టుటకు కొలదిదినములు ముందే ఆమె తల్లిదండ్రులు విడిపోయిరి. ఎనిమిదేండ్ల వయస్సున ఆమె మానసిక వ్యాధిగ్రస్తులను గూర్చిన వైద్యగ్రంథమును ఆసక్తితో చదివినది. కావున ఆమె నవలలలోని హంతకులందరును ఆ బాల్యమునుండి నడిచివచ్చినవారే అని చెప్పుట సులభమైనది. కాని అగాథా క్రిస్టీ మాటేమి? 1890లో పుట్టిన ఆమె తన బాల్యమును ఆనందమయమైనదిగా చెప్పుకొన్నది. ఆమె పెంపకము విలక్షణమే, కాని విషాదము కాదు. ఎనిమిదేండ్లు నిండువరకు బిడ్డకు చదువు నేర్పరాదని తల్లి తలచినది; బిడ్డ తనంతట తానే నేర్చుకొన్నది. బడికి పోకుండ ఇంటనే పెరిగిన ఆ బాలిక, పెద్దల సంభాషణలను మూలనుండి వినుటలో నేర్పు సంపాదించినది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆసుపత్రి ఔషధశాలలో పనిచేసి విషముల పాళ్లు తెలిసికొన్నది. 1920లో తొలి నవల ప్రకటించినది. ఇందులో గాయమెక్కడ? ఉన్నది శిక్షణ. తక్కిన పిల్లలు పాఠశాలలో అందరితోపాటు ఒకే విధముగా చూచుట నేర్చుకొనుచుండగా, ఆమె తనదైన చోటినుండి చూచుట నేర్చుకొన్నది. హైస్మిత్ విషయమునగూడ నిలిచినది విడిపోయిన తల్లిదండ్రుల దుఃఖము కాదు, ఆ పుస్తకము. సాధారణముగా కనబడు మనుష్యుని లోపల ఏమి దాగియున్నదో చూడవచ్చునన్న తెలివి.

కొమ్మూరివారి ఇంట సాంబశివరావునకు లభించినదియు అట్టి శిక్షణయే. ఆ శిక్షణకు నేను పెట్టు పేరు అపవాద పరిచయము. నటియైన తల్లిని గూర్చి ఊరు ఏమనుకొనునో, స్త్రీస్వాతంత్ర్యమును వ్రాసిన పెదతండ్రిని గూర్చి వీధి ఏమి ప్రచారము చేయునో ఆ కాలమును ఎరిగినవారికి వివరింప పనిలేదు. ఆ మాటలకు సాక్ష్యము అక్కరలేదు, ప్రశ్న అక్కరలేదు, పుట్టిన క్షణముననే అవి తీర్పులైపోవును. ఇట్టి తీర్పుల నడుమ పెరిగిన బాలునకు రెండు విషయములు బోధపడకతప్పదు. మొదటిది, అందరును కలిసి ఒకరిని వ్రేలెత్తి చూపినంత మాత్రమున ఆ వ్యక్తి దోషి కాడు. రెండవది, మర్యాదస్థుడని అందరును నమస్కరించువాడు నిర్దోషియని నియమము లేదు. డిటెక్టివు నవల అను నిర్మాణమంతయు ఈ రెండు సూత్రములపై నిలిచియున్నది. కథారంభమున అనుమానింపబడినవాడు దోషి కాడు. కథాంతమున పట్టుబడినవాడు ఎవరును అనుమానింపని పెద్దమనిషి. చలముగారు ఆవేశముతో చెప్పిన మాటనే తమ్ముని కుమారుడు తర్కముతో నిరూపించెను.

నటి కుమారుడగుటవలన కలిగిన మరియొక ఫలము కలదు. వేషము వేరు, మనిషి వేరు అన్న సంగతి మనకు వేదాంతముగా తెలియును. ఆ బాలునకు ఇంటి విషయముగా తెలియును. కన్నీరు అభినయింపదగినదని, ముఖములోని వినయము సాధనచే వచ్చునదని, కంఠస్వరమును మార్చుకొని మరియొకరుగా నిలువవచ్చునని ఆ ఇంట రహస్యము కాదు. కావున ఆయన నవలలలో సాక్షులు చెప్పు మాటలను పాఠకుడు ఒక నాటకమును చూచినట్లు చూడవలసివచ్చుచున్నది: ఎవరు ఏ పాత్ర ధరించిరి, ఎచట సంభాషణ తప్పిరి?

ఇప్పుడు దిగుమతి వాదమునకు వత్తును. కొమ్మూరిని ఎడ్గార్ వాలెస్‌తో పోల్చుట పాతమాట. ఆ పోలికను ప్రశంసగా మొదలుపెట్టినవారు ఉండవచ్చును గాని, అది నేడు అనుకర్త అన్న నింద క్రిందికి దిగినది. వాలెస్ ఎవడు? 1875లో లండనులో ఒక నాటకనటికి వివాహేతరముగా జన్మించి, పురిటినాళ్లలోనే చేపల అంగడిలో మూటలు మోయువాని కుటుంబమునకు అప్పగింపబడి, వారి ప్రేమతో పెరిగినవాడు. పండ్రెండేండ్లకే చదువు మానినవాడు. రంగస్థలముతో తల్లికిగల సంబంధమువలన ఇద్దరికిని కొంత సామ్యము కలదు, భేదమును గొప్పదే: ఒక తల్లి లోకభయమున బిడ్డను దాచినది, మరియొక తల్లి లోకమును లెక్కచేయక బిడ్డలతో నిలిచినది. పోలిక నిజముగా ఉన్నచోట మన విమర్శకులు చూడలేదు; లేనిచోట దానిని నిందగా వాడిరి. రూపము పరదేశమునుండి వచ్చినదనుట దోషమైనచో మన నవల, మన కథానిక, మన వచనకవిత అన్నియు ఆ దోషమునకు పాత్రములే.

అసలు, నేరపరిశోధన కథ తెలుగువానికి పరాయిదని ఎవరు చెప్పిరి? ప్రతి భాద్రపద శుద్ధ చవితినాడు, నారాయణగూడ మొదలు అంబర్‌పేట వరకు వీధి వీధిని పందిళ్లు వెలసినవేళ, ప్రతి ఇంటను అక్షతలు చేతబట్టుకొని పిల్లలు పెద్దలు వినునది ఏ కథ? శమంతకమణి పోయినది. మణిని ధరించి వేటకు పోయిన ప్రసేనుడు తిరిగిరాలేదు. ఆ మణిని ఒకప్పుడు అడిగినవాడు కృష్ణుడు గనుక, కృష్ణుడే చంపి అపహరించెనని సత్రాజిత్తు అనెను, ఊరంతయు నమ్మెను. కృష్ణుడు శపింపలేదు, ప్రమాణము చేయలేదు, దైవత్వమును ప్రదర్శింపలేదు. ఊరివారిని వెంటబెట్టుకొని అడవికి పోయి, ప్రసేనుని కళేబరమును చూపెను. దానిప్రక్క సింహపు అడుగుజాడలను చూపెను. జాడలవెంట పోగా చచ్చిపడియున్న సింహమును చూపెను. అచటినుండి ఎలుగు జాడలు గుహకు పోవుటను చూపెను. ఇరువది యెనిమిది దినముల పోరాటముతో మణి సంపాదించి, తిరిగివచ్చి, సభలో సత్రాజిత్తును పిలిపించి, అందరి యెదుట జరిగినదెల్ల చెప్పి మణిని అప్పగించెను. అనుమానము, కళేబరము, జాడలు, వాస్తవము, చివర అందరిని ఒకచోట చేర్చి నిజమును వెల్లడించుట: ఇంతకుమించి డిటెక్టివు నవలకు అంగములేవి? నీలాపనిందను సాక్ష్యముచే తుడిచివేయు కథను ఏటేట భక్తితో విను జాతికి యుగంధరుడు అన్యుడెట్లగును? పద్మావతీదేవి కుమారుని చేత ఆ కథ మరల పుట్టుటలో వింత ఏమున్నది?

నేరకథలు నేరములు నేర్పునని మరియొక ఆక్షేపణ. ఇది తల్లిదండ్రుల భయమునుండి పుట్టినది గనుక దీనిని తేలికగా త్రోసివేయను. కాని దీనిలో నిజము లేదు. యుగంధరుని కథ చదివినవాడు నేర్చునది హత్య చేయుట కాదు, హత్యను నిరూపించుట ఎంత కఠినమో, నిరూపణ లేకుండ మనిషిని దోషియనుట ఎంత పాపమో. 1872 నాటి సాక్ష్య చట్టములోని 25వ సెక్షను, పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారము నిందితునిపై సాక్ష్యముగా చెల్లదని శాసించినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమపు 23వ సెక్షను ఆ నియమమును నిలిపియుంచినది. అశోక్‌నగర్ గదులలో పోటీపరీక్షలకు చదువుకొను యువకులలో కొందరు దీనిని కంఠస్థము చేయుచుండవచ్చును. కాని కొట్టి ఒప్పించుట పరిశోధన కాదని, జాడలను చదివి, మాటకు మాటను సరిచూచి, కాలమును స్థలమును ముడివేసి నిజమును పట్టుటయే పరిశోధనయని ఈ దేశపు సామాన్య పాఠకునకు చట్టపుస్తకము చెప్పలేదు. రైలుస్టేషనులో కొన్న, అద్దె పుస్తకాల దుకాణములో తెచ్చుకొన్న చిన్న నవల చెప్పినది. అంబర్‌పేట పోలీసు లైన్లలో నివసించువారి పిల్లలును, ఆ లైన్లను చూచి బెదరు సామాన్యుల పిల్లలును ఆ నవలలనే చదివిరి. ఈ ఉపకారమునకు మనము కృతజ్ఞత చెప్పలేదు.

కొమ్మూరి వ్రాసినదంతయు ఉత్తమమని నేననను. నెలనెల ప్రచురణకర్త యెదురుచూచుచుండగా పదులకొలది నవలలు వ్రాసిన చేతిలో తొందర కనబడుట సహజము; కొన్నిట ముగింపు బలహీనము, కొన్నిట పాత్రలు పేర్లకే పరిమితము. ఆ లోపములను చూపి విమర్శించుటకు ఎవరికైనను హక్కు కలదు. కాని విమర్శించుటకు ముందు చదువవలెను. చదువకయే నవ్వుట విమర్శ కాదు. పైగా, ఆయన వాక్యమును చూడుడు: చిన్నది, వాడుక మాటలతో కూడినది, అనవసరమైన విశేషణమును మోయనిది. గ్రాంథికచ్ఛాయను వీడని నావంటి రచయితకే ఆ వచనపు బలము స్పష్టముగా తెలియుచున్నది. అంతటి పొదుపు అభ్యాసమువలన గాని రాదు.

పొరుగువారు ఏమి చేసిరో చూడవలదా? వంగదేశమున శరదిందు బందోపాధ్యాయుడు 1932లో సృష్టించిన వ్యోమకేశుని వారు తమ సాహిత్యమునుండి వేరుచేయలేదు. సత్యజిత్ రాయ్ తాతగారు 1913లో స్థాపించిన ‘సందేశ్’ బాలల పత్రికను మనుమడు పునరుద్ధరించి, దానిలోనే 1965లో ఫెలూదా అను పరిశోధకునకు జన్మమిచ్చెను. ఆ ఇంటివారి సంస్కారమే ఫెలూదాలో వెలసినదని వంగీయులు గర్వముతో చెప్పుదురు. అలహాబాదులో 1952లో ఇబ్నె సఫీ ప్రారంభించిన జాసూసీ నవలలను ఈ హైదరాబాదులోనే ఉర్దూ చదువరులు నేటికిని ఆదరముతో తలచుదురు. మనకును ‘సందేశ్’ వంటి ‘చందమామ’ ఉండెను. 1952 నుండి 1980లో కన్నుమూయువరకు దానిని తీర్చిదిద్దిన కుటుంబరావుగారు యుగంధరుని సృష్టికర్తకు బావగారే. రాయ్ కుటుంబములో ఏ సంబంధమును వంగీయులు కీర్తించిరో, కొమ్మూరి కుటుంబములో ఆ సంబంధమునే మనము లోపముగా భావించితిమి. ‘త్వమేవాహమ్’ కర్తయు, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యము’ రచించిన పండితుడునగు ఆరుద్రగారు ‘పలకల వెండిగ్లాసు’ అను డిటెక్టివు నవల వ్రాసినప్పుడు, అది ఆయనకు తగని పనియని ఆయన తలపలేదు.

కావున నేను కోరునది సానుభూతి కాదు, పని. చౌక కాగితముపై అచ్చయిన ఆ నవలల తొలి ముద్రణలు శిథిలమగుచున్నవి. చిక్కడపల్లి గ్రంథాలయమునుండి విశ్వవిద్యాలయముల వరకు, ఎచట ఏ ప్రతి మిగిలియున్నదో వెదకి, కాలక్రమమున పట్టిక కట్టవలెను. చలముపైనను, కుటుంబరావుపైనను సిద్ధాంతవ్యాసములు వ్రాయించు ఆచార్యులు, సాంబశివరావును వారితో కలిపి, ఒకే ఇంటి మువ్వురు రచయితలుగా, ఒక పరిశోధకునిచేత చదివింపవలెను. ఆ చదువు మాత్రము పెదతండ్రి కీర్తితో ప్రారంభము కారాదు. పద్మావతీదేవి వ్రాసిన కథలను, ఆమె ధరించిన పాత్రలను, ఆనాటి పత్రికలు ఆమెను గూర్చి వ్రాసిన మాటలను మొదట సేకరింపవలెను; యుగంధరుడు మొదటి ప్రశ్న అడుగుటకు ముందే ఆ ఇంట ప్రశ్నించినది ఆమె.